దుఃఖంలో సమాన వాటా

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి నల్లరాతి స్మారక స్తంభం మీద చెయ్యి పెట్టగానే వెక్కివెక్కి ఏడ్చారు. కెమెరాలు పక్కకు తిరిగాక కూడా ఆగలేదు కాబట్టి ఆ ఏడుపు నిజమేనని భీమునిగుట్ట జనం నమ్మారు.

గనిలోకి నీళ్లు తన్నుకొచ్చి ఒక షిఫ్టు మొత్తం పోయిన చోటది. మామూలు విగ్రహమైతే జనం ఫొటో దిగి వెళ్లిపోతారు. అందుకే డాక్టర్ మృదుల రాతిలో ఒక యంత్రం అమర్చింది. అరచెయ్యి ఆనితే చాలు, మెదడులోని దుఃఖాన్ని కొలిచి, విద్యుదయస్కాంత తరంగాలతో దాన్ని బాధిత కుటుంబాల స్థాయికి తెస్తుంది. అయితే ఆ కుటుంబాలను స్కాన్ చేస్తే ఒక్కొక్కరిది ఒక్కో స్థాయి. ఎవరిది పెట్టమంటారని మృదుల అడిగింది. గనిలో పోయిన సమ్మయ్య భార్య ఓదెమ్మే లేచి చెప్పింది.

"మా ఆయన గ్యాంగోళ్లు గనిల టిఫిన్లన్నీ ఒక్కకాడ కలిపి సమంగ పంచుకునేటోళ్లు మేడమ్. ఇదీ గట్లనే చెయ్యి."

మృదుల సగటు తీసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మంత్రిగారి తర్వాత ఓదెమ్మ చెయ్యి ఆనించింది. ఏళ్ల తరబడి గుండె మీద ఉన్న బరువు దిగిపోయింది. ఇంటికెళ్లి కడుపునిండా తిన్నది. మర్నాడు సమ్మయ్యను తలుచుకుంటే మొహం గుర్తొచ్చింది, నవ్వు గుర్తొచ్చింది, లోపల మాత్రం ఏమీ కదల్లేదు. హడలిపోయి మృదుల దగ్గరికి పరుగెత్తింది.

"తక్కువున్నవాళ్లకు పెంచుతుంది, అది గేటు దాటేలోగా దిగిపోతుంది," మృదుల తెల్లబోయి చెప్పింది. "మీకు మరీ ఎక్కువ ఉండేది, తగ్గించేసింది. తగ్గింది మళ్లీ పెరగదు. ఆ మిగిలింది ఇతరులకు మోయలేని బరువే. ఇన్నేళ్లు అంతకు ఎన్నో రెట్లు మోసిన మీకు అది తెలియడం లేదు. కానీ... హాయిగానే ఉంది కదమ్మా?"

"హాయిగనే ఉన్నది బిడ్డా. గదే నా భయం. నాది నాకియ్యి."

"ఎలా ఇవ్వనమ్మా? సగటు తీశాక విడి స్కాన్లు చెరిపేశాం."

ఓదెమ్మ తిరిగి స్తంభం దగ్గరికే వెళ్లింది. రాతికి ఆనుకుని ఎవరో పట్నం ఆవిడ కుమిలిపోతోంది. ఆవిడ తలెత్తి ఓదెమ్మ పొడికళ్లు చూసింది.

"మీవాళ్లెవరూ ఇందులో పోలేదనుకుంటా. అదృష్టవంతులు."

"నా పెనిమిటి పోయిండు," అంది ఓదెమ్మ, ఎవరి సంగతో చెప్పినట్టు.

ఆవిడ నమ్మలేదు. మళ్లీ రాతికి తల ఆనించి ఏడ్చింది. ఆ ఏడుపులో తన దుఃఖపు వాటా ఎంతో తెలియక, అది అయిపోయేదాకా ఓదెమ్మ ఆవిడ పక్కనే నిలబడింది.