ఏ ఎక్స్ నిద్రపోయింది?

“రిపోర్టులో వై క్రోమోజోమ్ ఉంది. ఇది మగ ఎలుకండీ!” అన్నాడతను.

“అలాగా! మరి ఆ మగాయన పొద్దున్నే పిల్లల్ని కని పాలు ఇస్తున్నాడు. వచ్చి చూడండి,” అందామె.

ల్యాబ్‌లో చేరిన రోజే అతని ముఖం మాడిపోయింది. అక్కడి బుల్లి ఎలుకల వింతే అది. వాటిలో కొన్నింటికి మారిపోయిన ఎక్స్ ఒకటుంటుంది. అది ఉంటే, పక్కన వై ఉన్నా పుట్టేది ఆడదే. ఎలుకల్ని సాకుతూ పరిశోధన చేసే ఆమెకు అతను ‘ఎలుకలమ్మ’ అని పేరు పెట్టాడు. మైక్రోస్కోపు వదలని అతను ఆమెకు ‘ఒంటికన్ను దొర’ అయ్యాడు.

మామూలు ఎక్స్, మారిన ఎక్స్ రెండూ ఉన్న ఆడ ఎలుకలో ప్రతి కణమూ ఒకదాన్ని పనిచేయనివ్వకుండా నిద్రపుచ్చుతుంది. దేన్ని? అది తేల్చడమే ఇద్దరి పని.

“మారినదాన్నే. పందెం!” అనేవాడు.

“ఎలుకకి చెప్పావా మరి?”

వానొస్తే ఇద్దరికీ ఒకటే గొడుగు. అందులో సగం తడుస్తూ అన్నాడొకసారి: “మన పరిశోధన పేపరు అచ్చయితే ఉద్యోగం. ఉద్యోగమొస్తే నాన్న మన పెళ్లికి ఒప్పుకుంటాడు.”

సెమినార్‌లో అతని మాటే నెగ్గింది. దాదాపు అన్ని కణాల్లోనూ నిద్రపోయింది మారిన ఎక్సే అని చూపించాడు. చప్పట్లు మోగాయి. ఆ ఫలితాన్ని కళ్లారా చూడాలని ఆమె మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. అతను ‘పాడైనవి’ అని పక్కన పెట్టిన స్లైడ్లు కూడా చూసింది. ఏవీ పాడవలేదు. ఒక కణంలో ఇది నిద్రపోతే పక్క కణంలో అది. ఏ పక్షపాతమూ లేదు.

“ఇవెందుకు తీసేశావ్?”

“మన కోసమే. ఒక్కసారి చూడనట్టు ఉండలేవా?”

“పెళ్లయ్యాక కూడా ఇలాగే అడుగుతావా?”

అతను స్లైడ్ల పెట్టె మూసేశాడు.

“గైడ్‌గారికి నువ్వే చెప్పు,” అని ఆమె సాయంత్రం దాకా ఎదురుచూసింది. అతను వెళ్లలేదు. ఆమే వెళ్లింది.

పేపరు ఆగింది. ఉద్యోగం చేజారింది.

“నువ్వసలు నన్ను ప్రేమించావా?” మెట్ల మీద అడ్డం నిలబడి అడిగాడు.

“ప్రేమించాను గనకే సాయంత్రం దాకా ఆగాను.”

తప్పుకుని దారిచ్చాడు. ఆమె గేటు దాటుతుండగా ఫోన్ మోగింది.

“అమ్మాయీ, నేను వాడి నాన్నని. మావాడి మొండితనం ముందు ఓడిపోయానమ్మా. ఉద్యోగం వస్తే వచ్చింది, లేకపోతే లేదు. నువ్వే మా కోడలివి. ఎప్పుడొస్తావు ఇంటికి?”

ఆమె వెనక్కి తిరిగి మెట్లవైపు చూసింది.

“మావయ్యగారూ... మీ అబ్బాయిని అడగండి,” అంది.

ఆయన్ని ఆ వరసతో పిలవడం అదే మొదలు. అదే ఆఖరు.