ఆపరేషన్ ఎదురుశకునం

కారంపూడి దగ్గర కాలువలో ఇంజనీరు వీరాంజనేయులు శవం తేలింది. చేపలా ఈదేవాడు. చేతులు వెనక్కి కట్టి తోశారు.

మరునాడే హైదరాబాద్‌లో చీఫ్ రామబ్రహ్మం ఏజెంట్ నాగలక్ష్మిని పిలిపించాడు.

"ప్రభుత్వం ఒక క్షిపణుల ఆర్డర్ క్యాన్సిల్ చేసింది. ఆ డబ్బుతో పల్నాడులో ఆడవాళ్ల సంఘాలకి సోలార్ పంపులు పెట్టిస్తోంది. కరువుకి మందన్నమాట. మొదటి స్టేషన్ గురజాల అవతల, రేపే ఓపెనింగ్. ఆ క్షిపణులు అమ్మాల్సిన విదేశీ కంపెనీ బ్లాక్‌హారియర్‌కి కడుపు మండింది."

"పేల్చేస్తారా?"

"స్విచ్ వేసిన క్షణంలోనే. బ్యాటరీలు పేలాయనుకుంటారు. ఆడవాళ్ల చేతికి మిషన్లిస్తే ఇంతే అంటారు. డబ్బు మళ్లీ క్షిపణులకే పోతుంది. వీరాంజనేయులు ఇంతవరకు కనిపెట్టాడు, పోయాడు. అక్కడ మన మనిషి యశస్విని, ప్రాజెక్ట్ కన్సల్టెంట్. కోడ్ వర్డ్, మిర్చి ఆరిందా? జవాబు, ఇంకా తేమ ఉంది."

తర్వాత ఒక జామర్ బల్ల మీద పెట్టాడు. "ఏ రిమోట్ సిగ్నలైనా ఆపేస్తుంది. ఫారిన్ సరుకు. మంచు కొండల్లో టెస్ట్ చేశారు."

"పల్నాడులో మంచు ఎక్కడుంది సార్?"

చీఫ్ జామర్‌ని ఆమె వైపు జరిపాడు.

నాగలక్ష్మి భర్త సరిహద్దులో పోయాడు. శత్రువు కొట్టలేదు. కొని తెచ్చిన గుండు సొంత ఫిరంగిలోనే పేలింది. అమ్మిన కంపెనీ పూలదండ పంపింది. ఆ రోజు నుంచి ఆమె పంతం పట్టి బొట్టు పెట్టుకుంటోంది. ఈ పని కోసం మాత్రం స్టిక్కర్ తీసి ఫోను వెనక అంటించింది. వెలిసిన చీర కట్టింది. బోసి నొసటి ఆడదాని మొహం శుభకార్యంలో ఎవడూ రెండోసారి చూడడు. అంతకు మించిన మారువేషం ఏ డిపార్ట్‌మెంటులోనూ లేదు.

మర్నాడు పంపుల స్టేషన్ దగ్గర యశస్విని కనబడింది. పట్టు చీర, నల్ల కళ్లద్దాలు, గాలి ఎటు వీస్తే అటు సెంటు.

"మిర్చి ఆరిందా?"

"ఇంకా తేమ ఉంది," అని నవ్వింది యశస్విని. "బాంబు స్టేజి కింద ఉంది."

బ్యాటరీ గది ముందు గొడవ జరుగుతోంది. స్టేషన్ కట్టిన కాంట్రాక్టరు చెన్నకేశవరావు, సంఘం ప్రెసిడెంటు ఎల్లమ్మ మీదికి చెయ్యి విసురుతున్నాడు.

"మొగుడు పోయినదానివి, నువ్వు స్విచ్ వేసేదేంది? ముత్తైదువని పిలవండి!"

"నీళ్లకి మొగుడెందుకు బాబాయ్?" అంది ఎల్లమ్మ. ఆడవాళ్లు చానాసేపు నవ్వారు. చెన్నకేశవరావు మొహం పండు మిరపకాయలా చేసుకుని గేటు దాటి తన కారు వైపు పోయాడు.

నాగలక్ష్మి స్టేజి కింద దూరింది. రేకు పెట్టె. తెరిస్తే ఇటుకలు!

బయటికొచ్చి చూసింది. అందరూ ఫొటోలో పడాలని ముందుకు తోసుకుంటున్నారు. ఫొటో కోసమే పుట్టినట్టుండే యశస్విని ఒక్కతే వెనక్కి నడుస్తోంది.

"సార్, మీ యశస్విని ఎవరి మనిషి?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. "జామర్ ఆన్ చెయ్యి!"

ఎండకి జామర్ ఎప్పుడో ప్రాణం విడిచింది.

కారు దగ్గర నుంచి చెన్నకేశవరావు తిరిగి వస్తున్నాడు. పిడికిట్లో నల్లటి రిమోట్, బొటనవేలు బటన్ మీదే ఉంది. సిగ్నల్ అందాలంటే గేటు దాకా రావాలి. కాలిస్తే? అతని వెనక కూడా జనం. పడేటప్పుడు ఆ వేలు నొక్కుకుంటే?

నాగలక్ష్మి పిస్తోలు కొంగులోనే ఉంచి, నొసలు పైకెత్తి, తిన్నగా అతనికి ఎదురు నడిచింది.

చెన్నకేశవరావు పాము మీద కాలేసినట్టు ఆగిపోయాడు.

"థూ! పనిమీద పోతుంటే ఎదురొచ్చింది ముండమోపి!"

గిరుక్కున తిరిగి కారు దగ్గరికి పోయి, సీట్లో కూర్చుని, నీళ్ల సీసా అందుకున్నాడు. శకునం బాగలేకపోతే వెనక్కిపోయి కూర్చుని, గుక్కెడు తాగి లేవాలి మరి. నిండు ప్రాణాలు తియ్యడానికి పోయేవాడికైనా పద్ధతి పద్ధతే.

మూత తియ్యడానికి రిమోట్ పక్కన పెట్టాడు.

మైకులో ఎల్లమ్మ గొంతు. "వేస్తున్నానే!"

అవతలి తలుపు తెరుచుకుంది. అతని చెయ్యి రిమోట్ మీదికి దూకింది. అక్కడ ఖాళీ సీటు తగిలింది.

"ఇంకో గుక్క తాగు బాబాయ్," అంది నాగలక్ష్మి, పిస్తోలు అతని డొక్కలో ఆనించి. "లేచే పని లేదు."

"ఛీ, నన్ను తాకుతావేందే!"

"తాకింది పిస్తోలు. దానికి మొగుడు పోలేదు."

అవతల పైపు దగ్గింది. ముందు ఎర్ర నీళ్లు, తర్వాత తెల్లగా ధార. ఆడవాళ్ల కేకలకి షామియానా అదిరింది.

బాంబు స్క్వాడ్ జనాన్ని దూరంగా పంపి, బ్యాటరీల వెనక నుంచి సరుకు బయటికి తీసింది. యశస్విని మాచర్ల రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ వెనక ఇరుక్కుని, హారన్ కొడుతూ దొరికిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోను.

"జామర్ పనిచెయ్యలేదన్నావు. మరి వాణ్ని దేంతో ఆపావు? రిపోర్టులో ఆ ఆయుధం పేరేమని రాయను?"

నాగలక్ష్మి ఫోను వెనక నుంచి స్టిక్కర్ ఒలిచి మళ్లీ నొసట అద్దుకుంది.

"మగాళ్ల భయం అని రాయండి సార్. దిగుమతి చేసుకోనక్కర్లేదు, మన దగ్గరే దండిగా తయారవుతోంది."