మెలకువగా ఉన్నారా?

నూకరత్నం మూడో ఇంట్లో గుండెచొక్కా మెత్తలు తుడిచి జెల్ పూస్తుండగానే ఎండకట్టు సైరను మోగింది. ఇక పొద్దు వాలేదాకా వీధిలో మనుషులుండరు. ఆమెలాంటి చొక్కాల తనిఖీవాళ్లకు మాత్రం ఆ నియమం లేదు. వాళ్లకు ఎండ తగలదని చొక్కాలను నడిపే కేంద్రం ఎక్కడో రాసుకున్నట్టుంది. ఆమె తడిగుడ్డ తలకు చుట్టుకుని తాతీలు ఇంటికి నడిచింది.

గుండె ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని వాళ్లందరికీ ఆ పేటలో గుండెచొక్కాలు తొడిగారు. లయ చెడితే చొక్కా కూత పెట్టి, "మెలకువగా ఉన్నారా?" అని అడుగుతుంది. మనిషి పలుకుమీట నొక్కితే ఊరుకుంటుంది. నొక్కకపోతే స్పృహ పోయిందనుకుని షాకు కొడుతుంది. అది చాలామందిని బతికించిన మాట నిజం. గుండె లయను పట్టే మెత్తలు చెమటకు జారినా లయ చెడిందనే అనుకుంటుంది, ఆ మాటా నిజమే.

తాతీలు మంచం మీద గాఢనిద్రలో ఉన్నాడు. పక్కనే నేలమీద కూర్చున్న భార్య ఎర్నమ్మ కళ్లు ఎర్రబడి వాచిపోయాయి. ఆమె బొటనవేలు అతని చొక్కా మీట మీద ఉంది. నూకరత్నం వచ్చింది ఆ వేలి కోసమే. తాతీలు మీటను పరాయి వేలు నొక్కుతోందని కేంద్రం కనిపెట్టి, మీటకు సీలు వెయ్యమంది. సీలు పడితే చొక్కా ఇక అడగదు, కొట్టడమే.

"పిన్నీ, నీకు కునుకు పట్టిందనుకో. నిజంగా గుండె ఆగినప్పుడు ఆ మత్తులో నొక్కీసేవంటే బాబాయి దక్కడు."

ఎర్నమ్మకు ఆ సంగతి తెలుసు. "నిద్దర్లో ఒకపాలి ఉత్తినే కొట్టీసింది తల్లీ. అప్పట్నుంచి కన్ను మూస్తే బయం. మీట మీద నా ఏలుంటేనే నిద్దరోతాడు. నానేటి సెయ్యను?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూకరత్నం సంచిలోంచి సీలు తీసి చాలాసేపు చేతిలో పట్టుకుంది. ఈ ఉద్యోగంలో ఆమె వేసిన సీళ్లు తక్కువేం కావు. వేసిన ప్రతి ఇంటి నుంచీ తలవంచుకునే బయటికొచ్చింది. ఇవాళ తల వంచే ఓపిక కూడా లేదు. సీలును సంచిలో పడేసి, మెత్తలు తుడిచి సర్ది, తాను కూర్చుంటానని చెప్పి ఎర్నమ్మను పడుకోమంది. ఎర్నమ్మ వద్దనడానికి నోరు తెరిచి, గోడవారన ఒరిగి అలాగే నిద్రపోయింది.

కాసేపటికి చొక్కా కూసింది. నూకరత్నం తాతీలు మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. నాడి నిదానంగా కొట్టుకుంటోంది. గురక కూడా పెడుతున్నాడు. ఆమె మీట నొక్కింది.

చెవికి పెట్టుకున్న పరికరంలోంచి కేంద్రం పలికింది. "వేలు రోగిది కాదు, మీది. రోగి మెలకువగా ఉన్నారా?"

"లేడు. నిద్రపోతున్నాడు. మెలకువగా నేనున్నాను."

"మీరు చూడాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయి."

"ఎవర్నైనా పంపండి. నేను లేవను."

కేంద్రం పట్టికలో ఆ జవాబుకు గడి లేదు. ఆ తర్వాత పేటలోని చొక్కాలన్నీ కొత్త ప్రశ్న ఒకటి అడగడం మొదలుపెట్టాయి. ఎండకు తలుపులు మూసుకున్న ఇళ్లలోంచి అది నూకరత్నానికి ఒకదాని వెనక ఒకటిగా వినబడింది.

"మీ పక్కన ఎవరున్నారు?"

రెండు మూడు ఇళ్లలోంచి ఎవరివో పేర్లు వినిపించాయి. మిగతా ఇళ్లలో చొక్కాలు అడుగుతూనే ఉన్నాయి.