ఒక ప్రాసెసర్, ఒక నిమ్మకాయ

"మన గూఢచారి మృదుల సరిహద్దు దగ్గర నిలబడి ఉంది. ఇవాళ మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు నాంపల్లి సర్వర్ నుంచి ఆమె ప్రయాణ అనుమతి వెళ్లాలి" అన్నాడు వామన్‌రావు. లక్డీకాపూల్‌లో బోర్డు లేని ఆ గదికి ఆయనే అధిపతి. "ఆ సర్వర్‌లోకి విదేశీ ముఠా ఒక ప్రోగ్రామ్‌ను దింపింది. చివరి క్షణంలో అది అనుమతిలోని మారుపేరు చెరిపేసి ఆమె అసలు పేరు పెడుతుంది."

"సర్వర్ ఆపేస్తే, సార్?"

"అనుమతే వెళ్లదు. అక్కడే పట్టుబడుతుంది."

ఏజెంట్ కరుణాకర్ చేతి గడియారం చూసుకున్నాడు. మృదులకు గూఢచర్యం నేర్పింది తానే.

వామన్‌రావు ఒక కళ్లజోడు పెట్టెను ముందుకు జరిపాడు. అస్తరు కింద పెన్‌డ్రైవ్. "ఇందులోని టూల్ ఆ ప్రోగ్రామ్‌ను చంపుతుంది. ల్యాబ్‌లో నలభైసార్లు పరీక్షించాం. నలభైసార్లూ చచ్చింది. నీ వేషం కంప్యూటర్ ఇంజనీర్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ప్రాసెసర్ మీద ఎంత వేగం, ఎనిమిది మీద ఎంత వేగం అని కొలవడానికి వచ్చావు. ఆ రిపోర్టు నిజంగానే రాయాలి. ఆడిట్‌వాళ్లు అడుగుతారు."

అదే రోజు, ఆదివారం, పదకొండు గంటలు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల నడుమ గంధం రంగు చీర, నల్లకళ్లద్దాలు. స్నేహ. రెండు పక్షాలూ ఆమెను తమ మనిషే అనుకుంటాయి.

"లాగరిథమ్ పట్టికలు ఉన్నాయా?" అని అడిగాడు కరుణాకర్.

"పాతవే ఉన్నయి." సంకేతం సరిపోయింది. ఆమె పుస్తకం తిరగేస్తూనే చెప్పింది. "ఆ ప్రోగ్రామ్ ఒకటి కాదు, కవలలు. ఒకదాన్ని చంపితే రెండోది లేపుతది. ఎందుకు చెప్తున్ననంటరా? తెల్సినా మీతోని ఏం కాదు, కరుణాకర్ గారూ. జర ఫికర్ చేస్కోండి, గంతే."

కరుణాకర్ తలెత్తేసరికి ఆమె బస్సు ఎక్కేసింది.

పదకొండు నలభై ఐదు. నాంపల్లి ఆఫీసులో వాచ్‌మన్ రాజనర్సు సర్వర్ గది తెరిచాడు. బీరువాలాంటి సర్వర్‌కు ఎండిన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

కరుణాకర్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. ప్రోగ్రామ్ చచ్చింది. ఊపిరి వదిలేలోగా లేచి కూర్చుంది. మళ్లీ చంపాడు, మళ్లీ లేచింది. ఇరవై మూడు సార్లు. వేళ్లు పనిచేస్తూనే ఉన్నాయి, ఫలితం మాత్రం శూన్యం. గడియారం చూడటం తప్ప తన చేతిలో ఏమీ లేదనిపించింది.

"నిమ్మకాయ మార్చి నెలయింది సార్. గందుకే గిట్లయితుంది" అన్నాడు రాజనర్సు.

"నిమ్మకాయకూ దీనికీ ఏం సంబంధమయ్యా!"

పదకొండు యాభై ఏడుకు వామన్‌రావుకు ఫోన్ చేశాడు. "సార్, ల్యాబ్ యంత్రంలో ప్రాసెసర్లు ఎన్ని?"

"ఒకటే. కొత్తదాని ఫైలు రెండేళ్లుగా సంతకం కోసం ఆగింది."

కరుణాకర్‌కు విషయం అర్థమైంది. ఇక్కడ ఎనిమిది ప్రాసెసర్లు ఒకే క్షణంలో పనిచేస్తున్నాయి. టూల్ ఒక కవలను చంపుతుంటే రెండోది మరో ప్రాసెసర్ మీద మేలుకునే ఉంది. అదే ప్రాసెసర్ ఒక్కటే ఉంటే అందరిదీ వంతులవారీ వ్యవహారం. టూల్ వంతు నడిచినంతసేపూ కవలలిద్దరూ కదల్లేరు.

ప్రాసెసర్లను ఒక్కొక్కటిగా ఆపమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆదేశించాడు. ఏడు. ఆరు. ఐదు. ఒక్కోదానికి పదిహేను సెకన్లు. ఇక తొందరపెట్టే దారి లేదు. వెనక రాజనర్సు స్టూలెక్కి ఏదో సర్దుతున్నాడు. మూడు. రెండు. ఒకటి.

పదకొండు యాభై తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లకు టూల్ నడిచింది. కవలలిద్దరూ ఒకే వంతులో పోయారు. అనుమతి మారుపేరుతోనే వెళ్లింది.

ఏడు నిమిషాల తర్వాత ఫోన్ మోగింది. "మృదుల సరిహద్దు దాటేసింది" అన్నాడు వామన్‌రావు.

కరుణాకర్ చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాడు. సర్వర్‌కు పచ్చగా నిగనిగలాడే కొత్త నిమ్మకాయ వేలాడుతోంది.

"సూసిండ్రా సార్?" అన్నాడు రాజనర్సు.

కరుణాకర్ రిపోర్టులో చివరి వాక్యం రాశాడు: ‘యంత్రంలో ఒకేసారి రెండు మార్పులు జరిగినందున, ఏది పనిచేసిందో ఈ ఒక్క పరీక్షతో శాస్త్రీయంగా తేల్చలేము.’