ఇంకా మందు కాని మందు

పెదపాడులో ఉదయం ఏడు గంటలకి సారమ్మ ఇడ్లీలు క్యారేజీలో సర్దుతోంది. భర్త విశ్వాసం ఏలూరులో ఆసుపత్రిలో చేరి పద్దెనిమిది రోజులైంది. చేపల చెరువులో దిగినప్పుడు పాదంలో గాజుపెంకు గుచ్చుకుంది. మార్చి మార్చి యాంటీబయాటిక్కులు ఎక్కించినా పుండు మానలేదు. మోకాలి కింద కాలు తీసెయ్యాలని, రేపటికి మించి ఆగకూడదని నిన్న డాక్టరు చెప్పారు.

కూతురు క్రిస్టినా విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. సముద్రం అడుగు బురదలో బతికే బ్యాక్టీరియా నుంచి కొత్త యాంటీబయాటిక్కులు వెతకడం ఆమె పని. నాలుగేళ్ళకి ఒక్కటి దొరికింది. ఏ మందుకీ లొంగని సూక్ష్మజీవుల్ని అది గాజుపళ్ళెంలో చంపింది. ఆ రోజు ఇంటికి ఫోను చేసి సంబరంగా చెప్పింది. ఆ మాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

"ఆ మందు తెప్పించవే" అంది సారమ్మ, సెలవు పెట్టి ఇంటికొచ్చిన కూతురితో.

"అది ఇంకా మందు కాదమ్మా."

"పురుగుల్ని చంపిందన్నావుగా! కన్నతండ్రికి అక్కరకు రాని చదువు ఎందుకే?"

క్రిస్టినా క్యారేజీ మూత బిగించింది. ఆసుపత్రిలో, భర్త మంచం పక్కన, సారమ్మ మళ్ళీ అదే ఎత్తుకుంది. ఈసారి ఏడుస్తూ కూతురి చెయ్యి పట్టుకుంది.

"చిన్న సీసాడు చాలు. ఎవరికీ చెప్పను."

"తేగలనమ్మా!" అంది క్రిస్టినా. "ల్యాబులో ఫ్రిజ్ తాళం నా దగ్గరే ఉంది. రెండుసార్లు వైజాగ్‌కి టికెట్ తీసి, మళ్ళీ క్యాన్సిల్ చేశాను. పోయిన నెల దాన్ని మనిషి కిడ్నీ కణాల మీద వేసి చూశాం. వాటినీ చంపేసింది. మీరంత ఆశ పెట్టుకున్నాక ఎలా చెప్పను?"

సారమ్మ చెయ్యి వదిలేసింది. విశ్వాసం కళ్ళు తెరిచాడు.

"ఆ ఆపరేషన్ సంతకం కాగితం ఇటివ్వు."

"ఏంటండీ ఆ మాట!"

"పోయేది కాలేగా, సారమ్మా." కూతురి వైపు తిరిగాడు. "ఆరేళ్ళు చేపల మేతలో యాంటీబయాటిక్ మందుపొడి ఈ చేతులతోనే కలిపానమ్మా. పురుగు దానికి అలవాటు పడిపోద్దని నువ్వంటే నవ్వాను."

"మీ పుండు మాననిది దానివల్లేనని చెప్పలేం నాన్నా."

"పోనీలే. నా పుండులో పురుగు దేనికీ చావట్లేదంటున్నారుగా. డాక్టరుగారిని అడిగి దాన్ని పట్టుకెళ్ళు. నీ మందుని బాగుచేసుకుని, దీనిమీద వేసి చూడు. ఇంకొకరి కాలన్నా నిలుస్తుంది."

క్రిస్టినా మంచం పట్టీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయాడు.

మరునాడు ఆపరేషన్ అయింది. వారం తర్వాత, ఆసుపత్రి ఇచ్చిన అనుమతి కాగితాలతో క్రిస్టినా ప్రయాణమైంది. ఆ పురుగున్న చిన్న గొట్టాన్ని ఐసు పెట్టెలో భద్రం చేశారు. ఏలూరు స్టేషన్లో రైలు వచ్చేదాకా సారమ్మ ఆ పెట్టెని ఒళ్ళోంచి దించలేదు.

కూతురి చేతికి అందిస్తూ కళ్ళు తుడుచుకుంది.

"దీని అంతు చూడవే, తల్లీ."