వారం రోజుల గడువు

"ఈ బండి కదలకూడదు," అన్నాడు వేణుగోపాల్, కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని.

"నడిపేది నేను. కదలాలో వద్దో నేను చెప్తాను," అంది ప్రసూన తాళాలు వేలికి తిప్పుతూ.

రైల్వే క్వార్టరు వరండాలోంచి కనకమహాలక్ష్మి గబగబా మెట్లు దిగింది. ఇంకో నాలుగు రోజుల్లో బడులు తెరుస్తారు. భర్త పోయాక పుట్టింటికొచ్చిన కూతురు ప్రసూనకి నది అవతల సర్కండాలో ఒక బడిలో టీచరు ఉద్యోగం కొత్తగా వచ్చింది. అదే బడిలో ఒకటో తరగతిలో చేరిన మనవరాలు శ్రీనిధిని వెంటబెట్టుకుని, ఈ పాత కారులోనే వెళ్లాలి. అర్పా వంతెన, వాన, ఎదురుగా లారీ. ఆవిడ మనసులో కారు అప్పటికే మూడుసార్లు నదిలో పడింది.

వేణుగోపాల్‌ని పిలిపించింది ఆవిడ భర్త, గూడ్సు రైలు గార్డు సీతారామయ్య. రైలు బయల్దేరే ముందు చక్రాలూ బ్రేకులూ చూసి, బాగున్నాయని గడువు వేసి కాగితం రాసివ్వడం ఆ అబ్బాయి ఉద్యోగం. ఆ కాగితం లేనిదే రైలు కదలదు.

"ఏటి బాబూ, బ్రేకులు లేవా?" అడిగింది కనకమహాలక్ష్మి.

"ఉన్నాయాంటీ. ప్యాడ్లు అరిగిపోయాయి. టైర్లు నున్నగా అయిపోయాయి, వానలో జారతాయి. వైపర్లు అద్దం తుడవట్లేదు, గీస్తున్నాయి."

"ట్రైన్ అనుకుంటున్నారా? మేరీ గాడీ హై, నా ఇష్టం. మీ వ్యాగన్లు మీరు చూసుకోండి," అంది ప్రసూన.

"వ్యాగన్లో బొగ్గు ఉంటుంది మేడమ్. ఒలికితే మళ్లీ ఎత్తుకుంటాం. ఇందులో పాప ఉంటుంది."

తాళాలు తిరగడం ఆగిపోయింది.

పక్కపేట తోర్వాలో మెకానిక్ దగ్గర ప్యాడ్లు, టైర్లు, వైపర్లు అన్నీ కొత్తవి వేయించారు. వేణుగోపాల్ మళ్లీ వచ్చి కారు కిందికి దూరి అంతా చూశాడు. అయినా కనకమహాలక్ష్మికి నమ్మకం కుదరలేదు.

"నోటిమాట వద్దు బాబూ. మీ రైలుకిచ్చినట్టే కాగితం రాసియ్యి. గడువు కూడా వెయ్యి."

ఇంకెవరైనా 'ఛోడో, వదిలెయ్యండి' అని కొట్టిపారేసే మాటే అది. అతను నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి, 'నెల రోజులు' అని రాసి సంతకం పెట్టాడు. ఆవిడ దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది.

నెల తిరగగానే వచ్చాడు.

"హారన్ కూడా చూస్తారా?" అడిగింది ప్రసూన.

"చూడాలి. మీరు బ్రేకు కన్నా ఎక్కువ వాడేది అదే కదా."

"అచ్ఛా. టీలో పంచదార వెయ్యను మీకు."

"వేసినప్పుడు కూడా తెలియలేదండీ."

ఈసారి గడువు పదిహేను రోజులు. ఆ తర్వాత వారం. చినుకుల్లో బానెట్ ఎత్తి అతను ఆయిల్ చూస్తుంటే ప్రసూన గొడుగు పట్టుకుంది. గొడుగు అతని మీదికి ఒరిగిపోయి, ఇంజను తడుస్తోంది. కనకమహాలక్ష్మికి ఇంజనే కనబడింది.

ఆ శనివారం టీ గ్లాసులు పెట్టి, "బండి అమ్మేస్తన్నాం," అందావిడ. "రేపు కొనేవాళ్లొస్తారు. అమ్మాయి ఉద్యోగం మానేస్తాది."

ప్రసూన గ్లాసు కింద పెట్టేసింది. "ఏటమ్మా ఇది?"

"నెలన్నాడు, పదిహేను రోజులన్నాడు, ఇప్పుడు వారమంటన్నాడు. పెద్ద రోగానికి డాక్టర్లు చెప్పినట్టే చెప్తన్నాడు. దాన్లో నిన్నూ పిల్లనీ ఎలా పంపను?"

ప్రసూన వేణుగోపాల్ వైపు తిరిగింది. "చెప్పండి. నా బండికి ఏమైంది?"

అతను చేతులు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"ఏమీ కాలేదాంటీ. నెలకోసారి చూస్తే చాలు. వారం వారం రావాలని అలా రాశాను."

"నీ సంతకం అబద్ధమా?" అందావిడ. "రైళ్లకీ ఇలాగే రాస్తావా?"

"ఎప్పుడూ రాయలేదు. ఇక్కడే రాశాను. తప్పే. మిమ్మల్ని భయపెట్టాను." తల ఎత్తాడు. "ప్రసూన గారి కోసం వచ్చాను. ముందే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు. మీరు రావద్దంటే రాను. ఉద్యోగం మాత్రం మాన్పించకండి."

"నాకు తెలుసు," అంది ప్రసూన నెమ్మదిగా. "పదిహేను రోజులు రాసినప్పుడే తెలుసు. వారం ఎప్పుడు రాస్తారా అని చూశాను. బండి అమ్మేస్తావనుకోలేదమ్మా."

కనకమహాలక్ష్మి మెట్టు మీద కూలబడింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎక్కడో చప్పుడవుతోందని ఆవిడ అన్న ప్రతిసారీ, ఒక్క మాట అనకుండా కారు కిందికి దూరినవాడు ఇతనొక్కడే.

"మీ అమ్మానాన్నా ఎక్కడుంటారు?"

"విజయనగరంలో."

"ఒకసారి రమ్మను." ఆగింది. "వానాకాలం, రోడ్డు మీద వద్దు. రైల్లో రమ్మను. కింది బెర్తులు చూసి తియ్యి. నిచ్చెన దిగుతూ మీ అమ్మ కాలు జారితే?"

వేణుగోపాల్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ప్రసూన చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అమ్మకి మీ వాళ్ల గురించి కూడా భయం మొదలైంది," అంది. "ఇంక మిమ్మల్ని వదలదు."

వాన పెద్దదైంది. అతను మోటార్ సైకిల్ వైపు కదిలాడు.

"దాని టైర్లు ఎవరు చూస్తారు?" అడిగింది కనకమహాలక్ష్మి.

"వెనకది అరిగిపోయిందమ్మా. నేనెప్పుడో చూశాను," అంది ప్రసూన.

ఆవిడ లేచి వెళ్లి, అతని చేతిలోంచి తాళాలు తీసేసుకుంది.

"ప్రసూన కార్లో దింపుతాది. బాగుందని నువ్వే అన్నావు కదా."