యాంటెనా తిప్పిన సాయంత్రం

“మేడమీద దీపమెట్టి మావ దిగడే... ఓలమ్మ, మావ దిగడే...”

ఆ తరవాతి చరణం పైడమ్మకి ఎంతకీ గుర్తు రాదు. చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర నాట్లలో పాడిన పాట. పెళ్లై, మొగుడి రైల్వే ఉద్యోగం కొద్దీ రాయపూర్‌కొచ్చి ముప్పయ్యేళ్లయింది, సగం పాటే మిగిలింది. ఆ ఆదివారం సాయంత్రం అదే గొణుక్కుంటూ టీవీ ముందు కూచుంది.

తెల్లదొరల కాలం నాటి దెయ్యం కథ, వారానికో భాగం వస్తోంది. హిందీ అందనిచోట పక్కింటి నర్సు సుశీల విడమరిచి చెప్పేది.

“చచ్చిపోయిన నౌకరు లాంతరు పట్టుకుని మేడెక్కుతాడు పెద్దమ్మా. ‘కనబడిందా?’ అని అడుగుతాడు. కిందనుంచి ఎవరైనా కనబడిందన్నారో, వాళ్లింటి మనిషిని పట్టుకుపోతాడు.”

ఇవాళ సుశీలకి డ్యూటీ. బయట ముసురు. భన్‌పురి ఫ్యాక్టరీల పొగ, తడిసిన బొగ్గు వాసన గదిలోకి పాకుతున్నాయి. టీవీ నిండా ఈగలు ముసిరినట్టు చుక్కలు. మొగుడు పరదేశి నిచ్చెనేసుకుని డాబా ఎక్కాడు.

“శుక్లాల కళ్లతో వానలో ఎందుకయ్యా? దిగు!”

“పట్టాలమ్మట నడిచి రిటైరైనోణ్ణి, డాబామీద పడతానేటే? బొమ్మొచ్చిందా?”

“రానేదు.”

పైన యాంటెనా గొట్టం కిర్రుమంది.

“ఇప్పుడో?”

“నేదు. దిగిపో.”

“నీ దెయ్యాన్ని నీకు సూపించకండా దిగను.”

ఉరిమింది. పైన కాలు జర్రున జారిన చప్పుడు. ముందతను దిగాలి, అంతే. పైడమ్మ చుక్కలకేసి చూస్తూనే అరిచేసింది.

“కనబడిందయ్యా! కనబడింది! దిగు!”

కిర్రు ఆగిపోయింది.

అన్నాక గుర్తొచ్చింది సుశీల మాట.

కరెంటు పోయింది. బల్బు ఆరిపోయింది. టీవీ... ఆరలేదు. చుక్కలన్నీ విడిపోయి బొమ్మ తేటపడింది. మేడ. వాన. లాంతరు. అది పట్టుకున్నవాడి బనీను భుజం మీద ఎర్రదారం కుట్టు... పొద్దున్న తను వేసిందే.

పెరట్లోకి పరుగెత్తింది. నిచ్చెన నిలబడే ఉంది. దాని మొదట్లో అతని చెప్పులు. ఏనాడూ నిచ్చెనెక్కని పైడమ్మ, మోకాళ్లు డోక్కుపోతున్నా పాక్కుంటూ పైకెక్కింది.

డాబా మీద నీళ్లు. ఎవరూ లేరు.

“కనబడనేదయ్యా! అబద్దమాడేను! నాకేటీ కనబడనేదు... ఒచ్చీయయ్యా!”

కాళ్లు పట్టుకున్నట్టు ఆ గొట్టాన్ని పట్టుకుని ఏడ్చింది. అంత వానలోనూ గొట్టం ఒక్కచోట వెచ్చగా ఉంది. పిడికిలి పట్టినంత మేర.

అప్పుడు కింద టీవీ ఒక్కటే వెలుగుతున్న గదిలోంచి ఎవరో ఆడమనిషి పాట అందుకుంది. పైడమ్మ మరిచిపోయిన చరణం... ఒక్క మాటా తప్పకుండా. అది ఆగాక పరదేశి గొంతు, ఎప్పటి వెటకారంతోనే, మెల్లగా అడిగింది.

“ఇప్పుడు కనబడతన్నానేటే, పైడీ?”